అభ్యర్థి సైనిక సేవను సరిచూసుకునే చోటు: సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం ఎలా ఉంది?

"దేశం కోసం యూనిఫాం వేసుకున్నాను" అన్న మాటకు అమెరికాలో ఓట్లు రాలతాయి. ఆ మాటను కాగితం మీద సరిచూసుకునే చోటు సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్. అడగడానికి బంధువై ఉండక్కర్లేదు కాబట్టి అక్కడి తెలుగు ఓటర్లూ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

ఎస్‌ఎఫ్-180 ఫారంలో అభ్యర్థి పూర్తి పేరు, పనిచేసిన దళం, చేరిన, వదిలిన ఏడాదులు రాసి పంపాలి. పేరొక్కటే రాస్తే ఫైలు దొరకడం కష్టం. సర్వీసు వదిలి 62 ఏళ్లు దాటితే మొత్తం ఫైలు అందరికీ తెరిచే ఉంటుంది. నకలుకు 5 పేజీల వరకు 25 డాలర్లు, మించితే 70. ఇప్పటి అభ్యర్థుల విషయంలో మాత్రం పరిమిత వివరాలే ఇస్తారు: సేవా కాలం, చివరి ర్యాంకు, పోస్టింగులు, పతకాలు. వైద్య వివరాలు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఆ కొద్ది వివరాలే చాలా తేలుస్తాయి. 2024లో డెమోక్రటిక్ ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్ ర్యాంకు మీద నడిచిన వివాదమే చూడండి. ఆయన కమాండ్ సార్జెంట్ మేజర్ హోదాలో పనిచేసిన మాట నిజం. దానికి కావలసిన కోర్సు పూర్తికాకపోవడంతో రిటైరైంది అంతకంటే కింది ర్యాంకైన మాస్టర్ సార్జెంట్‌గా. అందుకే "చివరి ర్యాంకు" గడి ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, పోస్టింగుల వరుసా చదవండి.

"ఫైలు లేదు" అని జవాబొస్తే అభ్యర్థి అబద్ధమాడినట్టు కాదు. 1973 జూలై 12న ఈ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో, 1912 నవంబరు నుంచి 1960 జనవరి దాకా ఆర్మీ వదిలినవారి ఫైళ్లలో 80 శాతం బూడిదయ్యాయి. వాటికి నకళ్లు లేవు.

ఈ సేవకు 5కి 3 మార్కులే ఇస్తాను. 2025 న్యూజెర్సీ గవర్నర్ ఎన్నికలో అభ్యర్థి మికీ షెరిల్‌కు చెందిన నేవీ ఫైలును, సోషల్ సెక్యూరిటీ నంబరుతో సహా, ఈ కేంద్రం ప్రత్యర్థి వర్గానికి ఇచ్చేసింది. తర్వాత క్షమాపణ చెప్పింది. సేవ చేసిన మనిషి గోప్యతకు ఇంతటి దెబ్బ తగలడం క్షమించరానిది.

ధైర్యం సంగతి ఈ ఫైలులో వెతక్కండి. 2004లో అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీకి సిల్వర్ స్టార్ అనే సాహస పతకం వచ్చిందా అన్నది గొడవే కాదు, వియత్నాం యుద్ధంలో ఆ పతకం తెచ్చిన రోజు నది మీద ఏం జరిగిందన్నదే గొడవ. అలాంటప్పుడు దళం ఆనాడే పంపిన నివేదికలు కావాలి. నౌకాదళానివైతే వాషింగ్టన్‌లోని నేవల్ హిస్టరీ అండ్ హెరిటేజ్ కమాండ్‌ను తేదీ, పడవ నంబరుతో అడగండి.