ఇరవై డాలర్ల ఓబీడీ స్కానరుతో పాత సియెన్నా మిస్సింగ్ పట్టడం: అయిదేళ్ళ వాడకం తర్వాత

బండి 2008 టొయోటా సియెన్నా మినీవ్యాన్, 3.5 లీటర్ల వీ6 ఇంజన్ (2జీఆర్-ఎఫ్ఈ), 1,80,000 మైళ్ళు దాటింది. స్కానరు, అంటే బండి ఓబీడీ పోర్టుకి తగిలించి ఇంజన్ కంప్యూటరు లెక్కలు చదివేది, ఈఎల్ఎమ్327 చిప్పు రకం బ్లూటూత్ అడాప్టరు, చూపించేది ఫోన్లో యాప్. అయిదేళ్ళు వాడాక తేలింది ఇదీ: ఏ సిలిండరు మిస్ అవుతోందో (అందులో ఇంధనం సరిగా మండట్లేదో) ఇది చెప్తుంది, ఎందుకు అవుతోందో చెప్పదు. ఆ తేడా పట్టించుకోకుండా పీ0304 (నాలుగో సిలిండరు మిస్సింగ్ కోడ్) కనబడగానే ఆరు ఇగ్నిషన్ కాయిళ్ళూ (స్పార్కు ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి) ఆర్డరు పెట్టేసేవాళ్ళే ఎక్కువ.

వట్టి కోడ్ కోసమైతే ఇది కొననక్కర్లేదు. అమెరికాలో చాలా విడిభాగాల షాపుల్లో ఊరికే చదివి పెడతారు. పెట్టిన డబ్బు గిట్టేది మోడ్ 06 దగ్గర, అంటే కంప్యూటరు తన సొంత పరీక్షల లెక్కలు చూపే చోట. అందులో ఏ2 నుంచి ఏ7 దాకా వరసలు ఒకటి నుంచి ఆరు సిలిండర్లవి. ఒక్కోదానికీ రెండు లెక్కలుంటాయి: 0బీ అంటే గత పది డ్రైవింగ్ సైకిళ్ళలో (ఇంజన్ స్టార్ట్ చేసి, తిప్పి, ఆపితే ఒకటి) మిస్సింగుల సగటు, 0సీ అంటే ఈసారి తిరిగినప్పటిది. చెక్ ఇంజన్ లైటు ఇంకా వెలగలేదు, సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం స్టీరింగ్ సన్నగా వణుకుతోంది అనుకోండి. ఏ5 పక్కన 37, మిగతా అయిదింటికీ సున్నా కనబడితే నాలుగో సిలిండరు దొరికిపోయినట్టే. కొన్ని యాప్‌లు సిలిండరు నంబరు రాయవు, ఈ ఏ2, ఏ3 గుర్తులే చూపిస్తాయి. అందుకే గుర్తుపెట్టుకోమనడం.

తర్వాతి పనికి పైసా ఖర్చు లేదు. ఈ ఇంజన్లో 2, 4, 6 రేడియేటరు వైపు, 1, 3, 5 ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు ఉంటాయి. ఇంజన్ చల్లారాక నాలుగో కాయిల్ ఆరులో, ఆరోది నాలుగులో పెట్టండి. వేడికి పెళుసెక్కిన కనెక్టరు లాక్ పూర్తిగా నొక్కకుండా లాగితే అది విరిగి, రేపు ఆ వదులు కనెక్టరే కొత్త మిస్సింగ్ తెస్తుంది. ఇరవై మైళ్ళు తిప్పి మళ్ళీ 0సీ చూడండి. అంకె ఏ7కి వెళ్తే కాయిల్ పోయింది. ఏ5లోనే ఉంటే స్పార్కు ప్లగ్గులు అలాగే అటూ ఇటూ మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టరో (ఇంధనం చిమ్మేది) కంప్రెషనో (సిలిండరు లోపలి ఒత్తిడి), అది ఈ స్కానరుకి అందే పని కాదు. కాయిల్‌ని మల్టీమీటరుతో కొలిచి మంచిదని తేల్చేయొద్దు. ఇగ్నైటర్ (కాయిల్‌ని ఆన్, ఆఫ్ చేసే సర్క్యూటు) లోపలే ఉన్న నాలుగు పిన్నుల కాయిల్ ఇది, ఓమ్స్ లెక్క ఏమీ తేల్చదు. పైగా చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి వేడెక్కాక మొరాయించేవే ఎక్కువ.

కాయిల్ పైకి తీసినప్పుడు రబ్బరు బూటు చూడండి. నూనె అంటి ఉబ్బితే ప్లగ్ గుంతలోకి వాల్వ్ కవరు దగ్గర్నుంచి ఆయిల్ దిగుతోందన్నమాట. ఆ సీల్ మార్చకుండా కొత్త కాయిల్ వేస్తే దానికీ అదే గతి.

అసలు తంటా వెనక బ్యాంకుతో, అంటే ఫైర్‌వాల్ వైపు మూడు సిలిండర్ల వరసతో. 1, 3, 5 అందాలంటే వైపర్ల కింది కౌల్ (మూత) తీసి, ఇంటేక్ ప్లీనమ్ (సిలిండర్లకి గాలి పంచే పై పెట్టె) విప్పాలి. అందుకని ముందు వైపు మూడు ప్లగ్గులే మార్చి ఆరింటికీ బిల్లు వేసేవాళ్ళున్నారు. పాత ప్లగ్గులు ఆరూ తిరిగిమ్మని ముందే చెప్పండి. సొంతంగా చేసుకుంటే థ్రాటిల్ బాడీ కూలెంట్ పైపులు ఊడదీయకుండా పక్కకి జరపొచ్చు. ప్లీనమ్ గాస్కెట్ కొత్తది వేయండి. తెరిచిన రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, ఒక్క నట్టు జారితే ఇంజన్లోకే. ప్లగ్గు డెన్సో ఎఫ్‌కే20హెచ్ఆర్11, గ్యాప్ 1.1 మి.మీ., బిగింపు 18 న్యూటన్ మీటర్లు. యాంటీ సీజ్ (మర పట్టెయ్యకుండా రాసే గ్రీజు లాంటిది) పూయొద్దు, పూస్తే రెంచి 18 దగ్గర ఆగినా మర అంతకంటే ఎక్కువ బిగుస్తుంది. ప్లగ్గుల గడువు 1,20,000 మైళ్ళు. ఒకసారి ప్లీనమ్ తెరిచాక వెనక మూడూ మార్చేయడమే తెలివి.

ఒక్క సిలిండరు కాకుండా పీ0300తో (ఫలానా సిలిండరని తేలని మిస్సింగ్ కోడ్) అన్నింటా చిన్న చిన్న అంకెలుంటే ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే లెక్క) చూడాలి. షార్ట్ (అప్పటికప్పటిది), లాంగ్ (కొన్నాళ్ళుగా స్థిరపడినది) కలిపి ఐడిలింగ్‌లో +20 శాతం ఉండి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర అయిదుకో ఆరుకో దిగితే ఎక్కడో గాలి లీకు. రేస్ చేసేకొద్దీ పెరిగితే మురికి పట్టిన మాఫ్ సెన్సరో (లోపలికి వెళ్ళే గాలిని కొలిచేది), ఇంధనం చాలకపోవడమో. పెట్రోలు పోయించిన వెంటనే మాత్రమే తడబడితే పర్జ్ వాల్వ్ (ట్యాంకు ఆవిరిని నిలవ ఉంచే క్యానిస్టరు నుంచి ఇంజన్లోకి వదిలేది) మీద అనుమానం పెట్టుకోండి. దాని కనెక్టరు పీకి, క్యానిస్టరు వైపు పైపు తీసి, ఇంజన్ నడుస్తుండగా వాల్వ్ మూతికి వేలు అడ్డం పెడితే పీల్పు ఉండకూడదు.

అన్నీ సున్నాలే, ట్రిమ్ మామూలే, అయినా గేరు డీలో బ్రేకు మీద ఉంటే సీటు అదురుతూ, ఎన్‌లో వేయగానే తగ్గుతోందా? అది మిస్సింగ్ కాదు, ఇంజన్ మౌంటు (ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ). నా లెక్కలో ఈ స్కానరు ఎక్కువ డబ్బు ఆదా చేసింది ఇక్కడే.

లోపాలున్నాయి. మామూలు బ్లూటూత్ రకం ఐఫోనుకి పనికిరాదు, బ్లూటూత్ ఎల్ఈ గానీ వైఫై గానీ ఉన్నది కొనాలి. చవక నకళ్ళలో కొన్ని మోడ్ 06 ఇవ్వనే ఇవ్వవు, వచ్చిన రోజే పరీక్షించి తిప్పిపంపండి. పోర్టు పదహారో పిన్నుకి తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. వారాల తరబడి బండి కదలకపోతే అడాప్టరు బ్యాటరీ తాగేస్తుంది.

క్లియర్ బటన్ జోలికి తొందరపడి పోవద్దు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడ్డ క్షణంలోని రీడింగులు), మోడ్ 06 లెక్కలు, రెడీనెస్ మానిటర్లు (కంప్యూటరు తన పరీక్షలు పూర్తి చేసిందో లేదో చూపే గుర్తులు) అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. డాలస్, హ్యూస్టన్ వైపు ఎమిషన్ టెస్టుకి వెళ్ళేవాళ్ళయితే ఒక్క మానిటరు మించి ఖాళీగా ఉంటే వెనక్కి పంపుతారు, అవి నిండడానికి కొన్ని రోజుల డ్రైవింగ్ పడుతుంది. లైటు వెలిగి ఊరుకోకుండా మిణుకుతోందంటే మాత్రం యాప్ తెరవడం తర్వాత, ముందు యాక్సిలరేటరు వదిలి బండి పక్కన ఆపండి. కాలని పెట్రోలు అప్పటికే కెటలిటిక్ కన్వర్టరులో పడి మండుతుంటుంది.