యాక్సిలరేటర్ తొక్కినప్పుడే కారు వణుకుతుంటే, ‘బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుంది’ అన్న మాట నమ్మి కొనకండి

పాత కారు కొనబోతున్నవారికి నా అనుభవం పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను కొన్న ముందు చక్రాల డ్రైవ్ కారు గంటకు 60 కిలోమీటర్లు దాటాక యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కితే ముందు భాగమంతా అటూ ఇటూ ఊగినట్టు వణికేది, కాలు తీయగానే ఆ వేగంలోనే నిమ్మళంగా సాగిపోయేది. టెస్ట్ డ్రైవ్‌లో ఇది లీలగా తెలిసింది కూడా. అడిగితే అమ్మకందారు, బండి కొన్నాళ్లు కదలకుండా నిలిచి ఉండటం వల్ల టైర్లు ఒకవైపు అణిగాయనీ, వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా సరిచేయడం) చేయిస్తే సరిపోతుందనీ చెప్పారు. ఆ మాట నమ్మడం నేను చేసిన మొదటి తప్పు.

బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను, అలైన్‌మెంట్ చేయించాను, ముందు టైర్లు రెండూ మార్పించాను. వణుకు తగ్గలేదు. తరువాత వెళ్లిన వర్క్‌షాప్‌లో ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు మార్చారు, అవి అరిగి ఉన్నాయో లేదో నాకు చూపించలేదు. ఆపై స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ కాయిళ్లు మార్చారు. ఇంత జరిగినా పక్కన కూర్చుని బండిని రోడ్డు మీద నడిపి చూసిన వారు ఒక్కరూ లేరు. జ్వరం చూడకుండానే మందులు రాసిన వైద్యం ఇది.

చివరికి ఒక మెకానిక్ ముందుగా నన్నే బండి నడపమని, వణుకు మొదలైన చోట యాక్సిలరేటర్‌ను ఒకసారి వదిలి మళ్లీ తొక్కమన్నారు. చక్రంలో బరువు తేడా ఉంటే ఆ వేగంలో కాలు తీసినా, తొక్కినా వణుకు ఉండాలని, ఇంజిన్ లాగుతున్నప్పుడు మాత్రమే వస్తోందంటే దోషం శక్తిని చక్రానికి చేర్చే దారిలోనే ఎక్కడో ఉందని ఆయన వివరించారు. న్యూట్రల్‌లో ఇంజిన్‌ను ఎంత రేస్ చేసినా వణుకు రాకపోవడంతో, సంగతి గేర్‌బాక్స్‌కూ చక్రానికీ మధ్య ఉన్న డ్రైవ్ షాఫ్ట్ దగ్గరకు చేరింది. లిఫ్ట్ మీద పైకెత్తి షాఫ్ట్‌ను విప్పి చూస్తే, గేర్‌బాక్స్ వైపున్న లోపలి సీవీ జాయింట్‌లో (షాఫ్ట్ వంపులోనూ సాఫీగా తిరిగేలా చేసే కీలు) మూడు రోలర్లు తిరిగే గాడులు గుంటలు పడి ఉన్నాయి.

దీని పనితీరు అర్థమయ్యాక నాకు ఆశ్చర్యం తగ్గి కోపం పెరిగింది. ఇంజిన్ బలంగా లాగినప్పుడు రోలర్లు ఆ గుంటల అంచులకు గట్టిగా నొక్కుకుని, ముందుకూ వెనక్కూ జారవలసిన చోట పట్టేస్తాయి, దాంతో షాఫ్ట్ చక్రాన్ని పక్కకు తోస్తుంది. రోలర్లు మూడు కాబట్టి షాఫ్ట్ ఒక్కసారి తిరిగేలోపు ఈ తోపు మూడుసార్లు వస్తుంది. చుట్టుకొలత దాదాపు 2 మీటర్లున్న టైరు గంటకు 72 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 10 సార్లు తిరుగుతుంది, అంటే బరువు తేడా వల్ల వచ్చే అదురు సెకనుకు 10 సార్లయితే జాయింట్ వల్ల వచ్చేది 30 సార్లు. వేగం పుంజుకునేటప్పుడు బండి ముందు భాగం కొద్దిగా పైకి లేవడంతో జాయింట్ వంపు కూడా పెరుగుతుంది కాబట్టి తొక్కినకొద్దీ వణుకు పెరుగుతుంది. మలుపుల్లో టకటకమని చప్పుడు చేసేది సాధారణంగా చక్రం వైపున్న బయటి జాయింట్, లోపలిది ఇలా చప్పుడు లేకుండానే ఇబ్బంది పెడుతుంది.

నన్ను బాగా బాధించిన విషయం మరొకటి ఉంది. ఆ జాయింట్‌లోని గ్రీజు బయటికి పోకుండా కప్పి ఉంచే రబ్బరు బూటు మాత్రం కొత్తది. కొనేటప్పుడు దాన్ని చూసి, బండిని శ్రద్ధగా చూసుకున్నారని సంతోషించాను. బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మి, దుమ్మూ నీరూ లోపలికి చేరి జాయింట్ అరిగాక, దానిపైనే కొత్త బూటు తొడిగారన్నమాట. తెలిసి చేశారో తెలియక చేశారో నేను చెప్పలేను. కాబట్టి కొత్త బూటు కనిపిస్తే, అది ఎందుకు మార్చవలసి వచ్చిందని తప్పక అడగండి.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ విషయంలోనూ నేను మోసపోయాను. కొనే ముందు స్కానర్ పెట్టి చూస్తే ఏ కోడూ లేదు, బండి ఆరోగ్యంగా ఉందనుకున్నాను. సీవీ జాయింట్ అరుగుదలను పసిగట్టే సెన్సారేదీ ఉండదు కాబట్టి కోడ్ రాకపోవడం సహజమే. స్కానర్ అవసరమయ్యేది వణుకు ఇంజిన్ మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) వల్ల వస్తున్నప్పుడు: అప్పుడు పీ0300, లేదా ఒకటో సిలిండర్‌కు పీ0301 వంటి కోడ్‌లు వస్తాయి, చెక్ ఇంజిన్ దీపం మెరుస్తూ ఆరుతూ ఉంటే బండిని అలాగే నడపకూడదు, కాలని ఇంధనం పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. కోడ్‌లను అమ్మకానికి ముందు చెరిపేయడం సులభం, అందుకే ‘కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం’ అన్న లెక్క కూడా చూడండి. అది కొద్ది కిలోమీటర్లే చూపిస్తే అనుమానించవలసిందే. కాయిల్‌పై అనుమానముంటే, కొత్తది కొనే ముందు రెండు సిలిండర్ల కాయిళ్లను అటూ ఇటూ మార్చి చూడమనండి, కోడ్ కూడా కాయిల్‌తో పాటు మారితే దోషం కాయిల్‌దే. నా విషయంలో మిస్‌ఫైర్ కోడ్ ఉందో లేదో ముందు చూసి ఉంటే బాగున్న కాయిళ్లు పోయేవి కావు.

డ్రైవ్ షాఫ్ట్ మొత్తం మార్చి, షాఫ్ట్‌ను చక్రం దగ్గర బిగించే హబ్ నట్టు కొత్తది వేసి, షాఫ్ట్ తీసినప్పుడు కారిన గేర్ ఆయిల్ నింపాక వణుకు పూర్తిగా పోయింది. అమ్మకందారు మాత్రం, పరీక్షించి చూసి ఉన్నదున్నట్టుగా తీసుకుంటున్నానని నేను సంతకం చేసిన కాగితాన్ని చూపించి బాధ్యత తీసుకోలేదు. మీరు కొనేటప్పుడు ఖాళీ రోడ్డు మీద, వీలైతే ఎత్తు ఎక్కే చోట, నలుగురినీ కూర్చోబెట్టుకుని గట్టిగా తొక్కి చూడండి. వణుకు కనిపిస్తే బ్యాలెన్సింగ్ ఏదో వాళ్లనే ముందు చేయించమనండి, ఆ తరువాత మళ్లీ నడిపి చూసి, వణుకు పోయాకే సంతకం పెట్టండి.