‘డోంట్ యు వాంట్ మి’, ‘బ్లూ మండే’: ఏది గొప్ప సింగిల్?

బ్రిటిష్ సింథ్‌పాప్‌లో, అంటే సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం ప్రధానంగా సాగే పాప్ సంగీతంలో, అన్నిటికన్నా గొప్ప సింగిల్ (విడిగా విడుదలైన పాట) ఏదన్న చర్చ మొదలైతే షెఫీల్డ్ బృందం హ్యూమన్ లీగ్ పాడిన ‘డోంట్ యు వాంట్ మి’, మాంచెస్టర్ బృందం న్యూ ఆర్డర్ పాడిన ‘బ్లూ మండే’ తప్పక పోటీకి వస్తాయి.

వారం వారం పాటలకు స్థానాలిచ్చే చార్టుల లెక్కే ప్రమాణమైతే తీర్పు సులువు. 1981 నవంబరులో విడుదలైన హ్యూమన్ లీగ్ పాట బ్రిటన్‌లో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1982 జులైలో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లోనూ మూడు వారాలు అగ్రస్థానం దక్కించుకుంది. 1983 మార్చిలో వచ్చిన ‘బ్లూ మండే’ ఆ ఏడాది బ్రిటన్‌లో తొమ్మిదో స్థానం దాటి పైకి పోలేదు.

అయితే అప్పటి బ్రిటిష్ చార్టు కొలిచింది ఆ వారం అమ్మకాలనే. ఏడున్నర నిమిషాల నిడివితో, 12 అంగుళాల రికార్డుగా వచ్చిన ‘బ్లూ మండే’ రేడియోకు ఒదిగే పాట కాకపోయినా, డాన్స్ క్లబ్బుల అండతో నెలల తరబడి అమ్ముడవుతూ, ఆ పరిమాణపు సింగిళ్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువగా అమ్ముడైనదిగా పేరు పొందింది. ఒబర్‌హైమ్ డ్రమ్ మెషీన్ (డ్రమ్ముల ధ్వనులు పలికించే యంత్రం) మీద ఆగి ఆగి, అంతలోనే గబగబా దూసుకుపోయే దాని ఆరంభపు దరువు రెండు క్షణాలు వినిపిస్తే చాలు, పాట ఏదో తెలిసిపోతుంది. తర్వాతి తరం ఎలక్ట్రానిక్ నృత్య సంగీతంపై దాని ప్రభావం ఎక్కువన్న మాటను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

అయినా నా ఓటు ‘డోంట్ యు వాంట్ మి’కే. హ్యూమన్ లీగ్ గాయకుడు ఫిలిప్ ఓకీకే ఆ పాట నచ్చలేదు. ‘డేర్’ ఆల్బమ్ చివర్లో పెట్టిన దానిని రికార్డు కంపెనీ పట్టుబట్టి సింగిల్‌గా విడుదల చేయించింది. కాక్‌టెయిల్ బార్‌లో వెయిట్రెస్‌గా పనిచేసే అమ్మాయిని తానే తారను చేశానని మొదటి చరణంలో అతడు దెప్పిపొడుస్తాడు. రెండో చరణంలో అదే బృందపు గాయని సూసన్ ఆన్ సల్లీ, సంగీత శిక్షణ లేని మామూలు గొంతుతో, అతడు లేకపోయినా తాను పైకి వచ్చేదాన్నేనని బదులు చెబుతుంది. చుట్టూ ఉన్నవన్నీ యంత్రాల ధ్వనులే అయినా, వినేవారికి ఇద్దరు మనుషుల తగవు స్పష్టంగా కళ్లకు కడుతుంది. ‘బ్లూ మండే’లో గొంతు కూడా ఆ యంత్రాలలో ఒకటిగా కలిసిపోయింది, అది దాని అందమే కానీ, ఆ పాటను నలుగురూ కలిసి గొంతెత్తి పాడుకోవడం కష్టం. 2014లో స్కాట్లండ్‌లోని అబర్దీన్ ఫుట్‌బాల్ అభిమానులు ‘డోంట్ యు వాంట్ మి’ మాటలను తమ ఆటగాడి పేరుతో మార్చి పాడుకుని, అసలు పాటను మళ్లీ కొని, బ్రిటిష్ చార్టులో మొదటి ఇరవైలోకి తిరిగి చేర్చారు.