వృషణం నొప్పి అని వెళ్తే వెన్నెముక చూసిన క్లినిక్

మగవాళ్లు ఎవరికీ చెప్పుకోని నొప్పి ఇది, అందుకే సిగ్గు పక్కనపెట్టి వివరంగా రాస్తున్నా.

ఎడమ వృషణంలో సన్నగా గుంజేది. బైక్ మీదో ఆఫీసు కుర్చీలోనో ఎక్కువసేపు కూర్చుంటే పెరిగేది, పడుకుంటే తగ్గేది. ముందు చూపించుకున్న చోట స్కానింగ్ నార్మల్, మూత్ర పరీక్ష నార్మల్, అయినా ఇన్ఫెక్షన్ అంటూ యాంటీబయాటిక్స్ కోర్సు మీద కోర్సు వాడించారు. నడుము ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

ఇక్కడ డాక్టర్ గారు మొదట అడిగిందే అది. దగ్గినా, వంగినా నొప్పి పెరుగుతోందా అన్నారు. వృషణాన్ని నొక్కి చూసి, అక్కడ నొప్పి లేదని తేల్చుకున్నాక బోర్లా పడుకోబెట్టి, ఒక్కో వెన్నుపూస పక్కన బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చారు. పక్కటెముకలు అయిపోయి నడుము మొదలయ్యే చోట వేలు పడగానే, రోజూ నన్ను తినేస్తున్న అదే నొప్పి గజ్జలోంచి కిందికి దిగింది. వృషణానికి, గజ్జకి వెళ్లే నరాలు చాలావరకు వెన్నులో టి10 నుంచి ఎల్2 దాకా, అంటే వీపు కింది భాగం నుంచి నడుము పైభాగం దాకా ఉన్న చోటునుంచే బయల్దేరతాయి, అక్కడ నరం నొక్కుకుపోతే నొప్పి మాత్రం కింద తెలుస్తుంది. ఎమ్మారైలో నడుములోని మొదటి రెండు పూసలు ఎల్1, ఎల్2 మధ్య డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) ఉబ్బి ఉంది. నొప్పి లేనివాళ్లకీ స్కాన్‌లో ఇలా కనిపిస్తుందని, చేత్తో చేసిన పరీక్షతో సరిపోలితేనే లెక్కలోకి తీసుకోవాలని కూడా ఆయనే చెప్పారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

ఆపరేషన్ ఊసెత్తలేదు. ఫిజియోథెరపీ, మధ్యమధ్యలో లేచి నడవడం, కొన్నాళ్లు నరాల మందు, అంతే. నొప్పి పూర్తిగా పోలేదు గానీ టెన్షన్ లేకుండా కూర్చుని పని చేసుకుంటున్నా.

అలాగని అందరూ ముందు ఇక్కడికే రావద్దు. యూరాలజిస్టుకి చూపించుకుని, అక్కడ ఏమీ లేదని తేలాకే వెన్ను సంగతి. ఒక్కసారిగా భరించలేని నొప్పి, వాపు, వాంతులు వస్తే వృషణం మెలిపడి ఉండొచ్చు, 6 గంటల్లోపే ఆపరేషన్ జరిగితే మంచిది, నేరుగా ఎమర్జెన్సీకి పరిగెత్తండి. నడుము నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం రాకపోయినా అంతే.

ఒక స్టార్ తగ్గించింది రిసెప్షన్ వల్ల. హాలు నిండా జనం ఉండగా "ప్రాబ్లం ఏంటి సార్" అని గట్టిగా అడుగుతారు. ఇలాంటి నొప్పితో వచ్చినవాడు అక్కడినుంచే వెనక్కి వెళ్లిపోతాడు. కాగితం మీద రాసిచ్చే పద్ధతి పెట్టండి, దయచేసి.