యాక్సిడెంట్ డబ్బులు ఇప్పిస్తామని ఆసుపత్రికే వచ్చే వాళ్లతో జాగ్రత్త

బండి మీద వెళ్తూ దెబ్బ తగిలించుకున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ పోస్టు పూర్తిగా చదవండి. "క్లెయిమ్ కన్సల్టెన్సీ" అని బోర్డు పెట్టుకుని, నష్టపరిహారం ఇప్పిస్తామని వాటా మాట్లాడుకునే వాళ్ల గురించి ఇది. మా తమ్ముడి విషయంలో ఒక కన్సల్టెన్సీ ఏం చేయబోయిందో చెబుతాను. పేరు రాయను. ఆ పేరు పోతే రేపు ఇంకో పేరుతో వస్తారు, కాబట్టి పద్ధతి తెలుసుకుంటేనే ఉపయోగం.

తమ్ముడికి 29 ఏళ్లు. రొయ్యల చెరువుల దగ్గర పని. చించినాడ వంతెన దాటి ఇంటికి వస్తుంటే రొయ్యల మేత బస్తాల వ్యాను ఎదురొచ్చి గుద్దింది. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగి ప్లేటు వేశారు. ఆపరేషన్ అయిన మర్నాడే వార్డులోకి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు. మాకంటే ముందే అతని దగ్గర ఎఫ్‌ఐఆర్ కాపీ ఉంది! "మీరు కోర్టు మెట్లెక్కక్కర్లేదండి, స్టేషన్‌కి తిరగక్కర్లేదండి, సంతకాలు పెడితే చాలండి, నెలలో రెండున్నర లక్షలు మీ చేతిలో పెడతాం" అన్నాడు. వాళ్ల వాటా 30 శాతం. నొప్పుల మాత్రల మత్తులో ఉన్న తమ్ముడి చేత ఆ ఫైలులో వకాల్తా (లాయర్ని పెట్టుకునే కాగితం) మీద, ఖాళీగా ఉన్న వంద రూపాయల స్టాంపు పేపరు మీద, అంకె వెయ్యని రెండు చెక్కుల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. డిశ్చార్జి అయ్యాక ఆసుపత్రి బిల్లులు ఒరిజినల్స్ కూడా పట్టుకుపోయాడు.

రెండున్నర లక్షలు అనేసరికి ఇంట్లో అందరికీ పెద్ద మొత్తంలాగే అనిపించింది. ఆ అంకె ఎక్కడిదో వెతికితే అసలు సంగతి బయటపడింది.

మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పు ఎవరిదో నిరూపించే పని లేకుండా ఇచ్చే స్థిర మొత్తం ఒకటి ఉంది. చనిపోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మంచిదే, ఎదుటివాడి తప్పు చూపించలేని కేసుల్లో అదే దిక్కు. కానీ ఆ డబ్బు తీసుకుంటే, 166వ సెక్షన్ కింద, ఎదుటి బండి తప్పు చూపించి ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టులో) వేసిన అసలు పిటిషన్ అక్కడితో రద్దయిపోతుంది. ఈ ముక్క ఆ ఫైలు పట్టుకొచ్చినాయన ఒక్కసారి కూడా చెప్పలేదు. వ్యాను తప్పని ఎఫ్‌ఐఆర్‌లో స్పష్టంగా ఉంది, వ్యానుకి ఇన్సూరెన్స్ ఉంది. అలాంటి కేసుని తక్కువలో ముగించి, అందులో 75 వేలు వాళ్లు పట్టుకుపోయే ఏర్పాటన్నమాట.

166 కింద అయితే లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఇది ఎవరో మంచి మనసుతో ఇచ్చే మొత్తం కాదు, సుప్రీంకోర్టు తీర్పులతో స్థిరపడిన లెక్క. 2009లో సరళా వర్మ కేసులో వయసుని బట్టి ఏడాది ఆదాయాన్ని ఏ అంకెతో హెచ్చవేయాలో పట్టిక ఇచ్చారు. దాన్నే మల్టిప్లయర్ అంటారు. 25 ఏళ్ల లోపు 18, 26 నుంచి 30 దాకా 17, ఆ తర్వాత తగ్గుతూ 41–45 మధ్య 14, 51–55 మధ్య 11, 65 దాటితే 5. 2017లో ప్రణయ్ సేథీ కేసులో, మనిషి బాగుంటే సంపాదన పెరిగేది కదా అని, దానికీ శాతాలు పెట్టారు. సొంత పని, ప్రైవేటు జీతాల వాళ్లకి 40 ఏళ్ల లోపు అయితే 40 శాతం కలపాలి. ప్రాణం పోయిన కేసులకే కాదు, శాశ్వత వైకల్యం వచ్చిన కేసుల్లోనూ ఇది కలపాలని 2020లో ఇంకో తీర్పు వచ్చింది.

మా తమ్ముడి లెక్కే వేద్దాం. చెరువు యజమాని చేతికిచ్చే జీతానికి రసీదు ఉండదు కాబట్టి, ట్రిబ్యునల్ నెలకి 12,000 మాత్రమే ఒప్పుకుందనుకుందాం. ఏడాదికి 1,44,000. దానికి 40 శాతం కలిపితే 2,01,600. పదిహేడుతో హెచ్చవేస్తే 34,27,200. సంపాదించే శక్తిలో 25 శాతం పోయిందని తేలిస్తే 8,56,800. దీనికి మందుల ఖర్చు, మంచంలో ఉన్న నెలల జీతం, చూసుకున్న మనిషి ఖర్చు, ఆటో కిరాయిలు, నొప్పికి పరిహారం, రేపు ప్లేటు తీయించే ఆపరేషన్ ఖర్చు వేరు. వడ్డీ కూడా వేస్తారు. ఇప్పుడు ఆ రెండున్నర లక్షలు పక్కన పెట్టి చూడండి.

ఆ 25 శాతం అన్నది ఎక్కడ నుంచి వస్తుందనేదే అసలు కిటుకు. డాక్టరు కాలికి 40 శాతం వైకల్యం అని రాసినా, అదే సంపాదన నష్టం కాదు. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే: ఆ దెబ్బ వల్ల ఆ మనిషి తన పని ఎంతవరకు చెయ్యలేకపోతున్నాడో చూడాలి. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసుకునేవాడికి మోకాలు ముడుచుకోకపోతే పెద్ద నష్టం కాకపోవచ్చు. మా వాడు జారే గట్టు దిగి తెప్ప ఎక్కాలి, మేత బస్తా భుజాన వేసుకోవాలి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు ఆగిపోతే అర్ధరాత్రి నీళ్లలో దిగాలి. మోకాలు సగమే మడతపడే మనిషి ఇవి ఎలా చేస్తాడు? ఇదంతా యజమాని కోర్టులో చెప్పాలి, ఆపరేషన్ చేసిన డాక్టరూ వచ్చి చెప్పాలి. కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం "మాకు తెలిసిన డాక్టరున్నాడండి, యాభై శాతం రాయిస్తాం" అంటారు. వైద్యం చెయ్యని డాక్టరు అడగ్గానే రాసిచ్చే సర్టిఫికెట్లని తేలిగ్గా నమ్మొద్దని ఆ తీర్పులోనే ఉంది. ప్రభుత్వ మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తెచ్చుకోవడమే మేలు.

ప్రాణం పోయిన కేసుల్లో లెక్క కొంచెం వేరు. అక్కడ వైకల్యం శాతం ఉండదు, చనిపోయిన మనిషి తన మీద ఖర్చు పెట్టుకునే భాగం తీసేస్తారు. పెళ్లికాని వాళ్లకి సగం. ఆధారపడినవాళ్లు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురు నుంచి ఆరుగురైతే నాలుగో వంతు. గాయపడి బతికున్న మనిషికి ఈ కోత లేదు. కొంతమంది ఏజెంట్లు గాయం కేసులోనూ మూడో వంతు కొట్టేసి "ఇంతేనండి వచ్చేది" అంటున్నారు, నమ్మకండి.

ఇంకో విషయం, క్యాజువాలిటీ చీటీ. దెబ్బ తగిలిన కంగారులో వెంట వచ్చినవాళ్లు "బండి స్కిడ్ అయి పడ్డాడండి" అనేస్తారు. పోలీసు కేసు గోల ఎందుకని కొందరు కావాలనే అలా చెబుతారు. డాక్టరు అదే రాస్తాడు. ఆ ఒక్క లైను పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు తర్వాత ఆడుకుంటాడు. గుద్దిన బండి ఉంటే ఆ మాట అప్పుడే చెప్పండి, నంబరు తెలిస్తే నంబరూ రాయించండి.

లైసెన్సు లేదనో, బండి మీద ముగ్గురున్నారనో భయపెట్టి తక్కువకి ఒప్పించే బేరం కూడా ఉంది. అది ట్రాఫిక్ తప్పే, ఫైను పడుతుంది. కానీ ఆ కారణం వల్లే ప్రమాదం జరిగిందని తేలకపోతే పరిహారం కొయ్యడానికి అదొక్కటే చాలదని సుప్రీంకోర్టు చెప్పింది. "బండి నడిపింది వేరేవాడని రాయిద్దాం", "ఇన్సూరెన్స్ ఉన్న బండి నంబరు పెడదాం" అనేవాళ్లయితే వెంటనే బయటకి పంపండి. అది ఫోర్జరీ కేసు, రేపు ఇరుక్కునేది సంతకం పెట్టినవాళ్లు.

గుద్దిన బండి అసలు లేకపోతే? కోతల రోజుల్లో మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, రాత్రిపూట ఆ గింజల మీద జారి పడినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అప్పుడు థర్డ్ పార్టీ పాలసీ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే ఇన్సూరెన్స్) నుంచి మీకు రూపాయి రాదు. వచ్చేది మీ బండి పాలసీతో పాటు కట్టే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరు ఒక్కటే. అది కూడా ఆర్సీలో పేరున్న ఓనరు, లైసెన్సుతో తానే నడుపుతుంటేనే. మరణానికి, శాశ్వత వైకల్యానికే ఇస్తారు, మామూలు విరుపుకి కాదు. సెకండ్ హ్యాండ్ బండి కొని ఏళ్ల తరబడి పాత ఓనరు పేరుతోనే తిప్పుతున్న కుర్రాళ్లు మన వైపు ఎంతమందో! వాళ్లకి ఆ కవరు లేనట్టే. అమ్మినవాళ్లకీ చెబుతున్నా: ఆర్సీ మీ పేరు మీద ఉన్నంతకాలం ఆ బండి ఎవర్ని గుద్దినా పరిహారం కేసు మీ మీదికే వస్తుంది. కొత్త బండి కొనేటప్పుడు షోరూమువాళ్లు "ఐదేళ్ల ఇన్సూరెన్స్ అండి" అంటే, ఐదేళ్లూ ఉండేది థర్డ్ పార్టీయేనా, ప్రమాద కవరు ఎన్నాళ్లు అని పాలసీ కాగితం తెరిచి చూడండి. అందులో వెనక కూర్చున్న మనిషికి కవరు ఉందో లేదో కూడా చూడండి. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీలో, తప్పు మీ బండిదే అయితే, వెనక కూర్చున్న మీ ఆవిడకి కంపెనీ ఇవ్వక్కర్లేదు.

మధ్యవర్తి లేకుండా ఎలా అంటారా? ప్రమాదం గురించి 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పోలీసులే ట్రిబ్యునల్‌కి పంపాలి. పిటిషన్ మీరున్న చోటే వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన ఊరికి తిరగక్కర్లేదు. ఆరు నెలల గడువుంది. దాన్ని సవాలు చేసి సుప్రీంకోర్టుకి వెళ్లినవాళ్లున్నారు గానీ, ఆ ధైర్యంతో మీరు ఆలస్యం చెయ్యకండి. లాయరుకి ఫీజు మాట్లాడుకుని ఇవ్వండి, కానీ వచ్చిన సొమ్ములో ఇంత శాతం అని మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమమే ఉంది. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, తక్కువ ఆదాయం వాళ్లకి న్యాయసేవాధికార సంస్థ లాయర్ని ఉచితంగా ఇస్తుంది, 15100కి ఫోను చేస్తే చాలు. లోక్ అదాలత్‌లో రాజీ పడటమూ మంచి దారే. అయితే అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు కాబట్టి పైన చెప్పిన లెక్క మీ జేబులో పెట్టుకుని వెళ్లండి.

మేమిప్పుడు వేరే లాయరు ద్వారా 166 కింద పిటిషన్ వేశాం. చెక్కుల సంగతి బ్యాంకులో రాసిచ్చి పేమెంటు ఆపించాం. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం ఎలా తీసుకున్నారో రాసి, మా కాగితాలన్నీ తిరిగి ఇమ్మని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపితే, వారం తిరక్కుండా ఫైలు వచ్చింది గానీ, అందులో సగం బిల్లులు లేవు. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో ఐపీ నంబరు చెబితే డూప్లికేట్లు తీసి సీలు వేసిచ్చారు. మందుల షాపు బిల్లులకి మాత్రం ఆ వీలు లేదు, అవి పోయినట్టే. మీ దగ్గర ఇంకా ఉంటే ఈ రోజే జిరాక్స్ తీయించి, ఒరిజినల్స్ ఇంట్లో పెట్టుకోండి.