లోహపు క్యాపులు, బ్రిడ్జీలు: పోత పద్ధతి, లేజర్ పద్ధతి – ఒక టెక్నీషియన్ సమీక్ష

మలక్‌పేటలోని ఒక చిన్న డెంటల్ ల్యాబ్‌లో పళ్లకు తొడిగే క్యాపులు, ఊడిన పంటి చోటును పక్క పళ్ల ఆధారంతో నింపే బ్రిడ్జీలు తయారు చేయడం నా వృత్తి. పని నేర్చుకున్నది పోత పద్ధతిలో, అంటే కరిగిన లోహాన్ని అచ్చులో పోసే పద్ధతిలో. కొన్నేళ్లుగా మాత్రం బ్రిడ్జీల లోహపు చట్రాలను ఎక్కువగా లేజర్ పద్ధతిలో, అంటే ఈ రంగంలో అందరూ డీఎంఎల్ఎస్ (డైరెక్ట్ మెటల్ లేజర్ సింటరింగ్) అనే పద్ధతిలో బయటి సెంటర్లలో చేయిస్తున్నాము. రెండింటినీ చాలాకాలం వాడిన మీదట చెబుతున్నాను: పొడుగు బ్రిడ్జీలకు లేజరే మేలు, అయినా పోత సామగ్రిని వదిలించుకోవలసిన అవసరం నాకు ఇప్పటికీ కనిపించలేదు.

దంతవైద్యంలో మైనపు అచ్చుతో పోత పోయడాన్ని 1907లో అమెరికన్ దంతవైద్యుడు విలియం టాగర్ట్ ప్రచారంలోకి తెచ్చాడు. నేటికీ మూలసూత్రం అదే. డై (అరగదీసిన పంటి నమూనా) మీద మైనంతో పంటి ఆకారం మలిచి, లోహం లోపలికి పారే దారిగా స్ప్రూ అనే పుల్ల తగిలించి, రింగులో నిలిపి, వేడికి తట్టుకునే ఇన్వెస్ట్‌మెంట్ అనే అచ్చు ముద్ద పోసి, ఫర్నేసులో సుమారు 900 డిగ్రీల వరకు వేడి చేస్తే మైనం కాలిపోయి, మిగిలిన ఖాళీలోకి కరిగిన నికెల్-క్రోమియం చేరుతుంది. ఆ లోహం చల్లారేటప్పుడు సుమారు 2 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి, ఆ లోటును ఇన్వెస్ట్‌మెంట్ వ్యాకోచమే పూడ్చాలి. ఇన్వెస్ట్‌మెంట్ పొడిలో కలిపే లిక్విడ్‌లో నీటి పాలు కొంచెం పెరిగినా వ్యాకోచం తగ్గి, క్యాప్ బిగుతుగా వచ్చి డై మీద పూర్తిగా కూర్చోదు.

ఒంటి క్యాప్‌లో చేయి తిరిగిన టెక్నీషియన్ ఈ తేడాలను అదుపులో పెట్టుకోగలడు. బ్రిడ్జీ సంగతి వేరు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో గది వేడికే మైనం మెత్తబడుతుంది. నాలుగైదు పళ్ల మైనపు అచ్చును మోడల్ మీద నుంచి తీసేటప్పుడు కొద్దిగా వంగినా కంటికి కనిపించదు. పోత పూర్తయి, ఇసుకలాంటి పొడిని గాలితో కొట్టి శుభ్రం చేసి (శాండ్‌బ్లాస్ట్), మోడల్ మీద పెట్టి ఒక కొనను వేలితో నొక్కినప్పుడు రెండో కొన వెంట్రుకవాసి పైకి లేస్తే అప్పుడు తెలుస్తుంది. ఇక దాన్ని డిస్క్‌తో కోసి, ముక్కలను నోటిలో కూర్చోబెట్టి రెజిన్‌తో కలిపి, మళ్లీ సోల్డర్ చేయాలి, అంటే లోహంతో అతికించాలి. పేషెంటు మరోసారి రావాలి, పైగా ఆ అతుకు బ్రిడ్జీలో బలహీనమైన చోటుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

లేజర్ పద్ధతి మాకు తప్పించినది ప్రధానంగా ఈ బాధనే. మోడల్‌ను స్కాన్ చేసి కంప్యూటర్‌లో డిజైన్ చేస్తే, యంత్రం కోబాల్ట్-క్రోమియం పొడిని సాధారణంగా 20 నుంచి 50 మైక్రాన్ల మందం పొరలుగా పరుస్తూ, అవసరమైన చోట లేజర్‌తో కరిగిస్తూ పోతుంది. సిమెంటు కోసం వదిలే సందు, ఆ సందు కోసం డై మీద బ్రష్‌తో పూసే డై స్పేసర్ అనే రంగు పూతలా ఒక్కో చేతికి ఒక్కోలా కాకుండా, ఇచ్చిన కొలత ప్రకారం అన్ని పళ్లకూ ఒకేలా వస్తుంది. అయితే పొరపొరకూ వేడెక్కి చల్లారడం వల్ల లోహంలో ఒత్తిడి నిలిచిపోతుంది. యంత్రం చట్రాన్ని కట్టిన అడుగు ప్లేటు మీద ఉండగానే ఫర్నేసులో పెట్టి ఆ ఒత్తిడిని తీసివేయకపోతే, ప్లేటు నుంచి కోసిన వెంటనే పొడుగు బ్రిడ్జీ వంగుతుంది. తొందరలో ఆ మెట్టు దాటవేసిన ఒక సెంటర్ నుంచి మాకు వచ్చిన చట్రం అచ్చం చెడిపోయిన పోతలాగే ఊగింది. అందుకే ఇప్పుడు ప్రతి ఆర్డరుకూ ఈ విషయం అడిగి నిర్ధారించుకుంటున్నాము.

మార్జిన్, అంటే క్యాప్ అంచు పంటిని కలిసే గీత విషయంలో యంత్రం మీద అతినమ్మకం వద్దని డాక్టర్లకు మనవి. అక్కడి సందుకు మెక్లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధకులు 1971లో సూచించిన 120 మైక్రాన్ల హద్దులోపు రెండు పద్ధతుల్లోనూ రావచ్చు. కానీ ఇంప్రెషన్‌లో (నోటి నుంచి తీసిన పళ్ల అచ్చులో) మార్జిన్ గీత చెదిరి ఉంటే, కంప్యూటర్‌లో గీసే గీత కూడా ఊహే అవుతుంది.

నికెల్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. గిల్టు నగలు పెట్టుకుంటే దురద, దద్దుర్లు వచ్చేవారికి నికెల్ పడకపోవచ్చు. డాక్టర్లు ముందే అడిగి రాసి పంపితే, నికెల్ కలపని కోబాల్ట్-క్రోమియం చట్రం చేయవచ్చు. కొన్ని నికెల్ మిశ్రమాల్లో బెరీలియం కూడా ఉంటుంది. దాని ధూళి, పొగ ఊపిరితిత్తులకు ప్రమాదకరం కాబట్టి, గ్రైండింగ్ బల్ల దగ్గర సక్షన్ లేకుండా వాటిని అరగదీయించడం టెక్నీషియన్‌కు చేసే అన్యాయం.

లేజర్ కోబాల్ట్-క్రోమియం గట్టిది. మెరుగు పెట్టడానికి ఎక్కువ సమయం పడుతుంది, నోటిలో బైట్ (పై, కింది పళ్ల కలయిక) సరిచేసేటప్పుడు డాక్టరు బర్లు (డ్రిల్లు మొనలు) త్వరగా అరుగుతాయి. పైగా అంచు మరీ పలుచగా ఉంటే ప్రింటింగ్‌లో శుభ్రంగా రాదు, అదే మైనాన్ని కత్తి అంచులా సన్నం చేయవచ్చు. ఎత్తు తక్కువ ఉన్న వెనుక దవడ పళ్లకు పింగాణీ లేని పూర్తి లోహపు క్యాప్ వేయాలన్నా, రూట్ కెనాల్ చేసిన పంటికి డాక్టర్ నోటిలోనే రెజిన్‌తో తీసి పంపిన పోస్టును (పంటి వేరులోకి దిగే ఆధారపు పుల్లను) లోహంగా మార్చాలన్నా నేను నేటికీ పోత పద్ధతినే వాడతాను. మూడు పళ్లకు మించిన బ్రిడ్జీ అయితే మాత్రం, ఖర్చు కొంత పెరిగినా లేజర్‌కే పంపమని డాక్టర్లకు చెబుతున్నాను.