డైటీషియన్ కావాలంటే ఎమ్మెస్సీ ఎక్కడ చేయాలి? ఎన్‌ఐఎన్, యూనివర్సిటీ, అమెరికా: ఏది మేలు?

మా పిన్ని కూతురు ఈ ఏడాది బీఎస్సీ న్యూట్రిషన్ పూర్తి చేస్తోంది. "అక్కా, ఎమ్మెస్సీ ఎక్కడ చేస్తే మంచిది?" అని సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగింది. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను కాబట్టి నోటిమాటగా చెప్పి పంపేయాలనిపించలేదు. ఇద్దరం ఒక నోట్‌బుక్ తీసుకుని రాత్రి పొద్దుపోయేదాకా లెక్కలేసుకున్నాం. ఈ పిల్ల లాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉంటారని ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కొట్టేసింది దూరవిద్యను. కొన్నేళ్ల కిందట అయితే ఉద్యోగం చేసుకుంటూనో, పెళ్లయి పిల్లలను చూసుకుంటూనో ఎమ్మెస్సీ చేయాలనుకునేవాళ్లకు అదే దారి. 2025 జులై-ఆగస్టులో మొదలైన విద్యా సంవత్సరం నుంచి న్యూట్రిషన్, డైటెటిక్స్ కోర్సుల్లో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో కొత్త అడ్మిషన్లు వద్దని యూజీసీ చెప్పేసింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు కూడా ఉన్నారు. ఆ చట్టం కిందకు వచ్చే చదువులను ఇంట్లో కూర్చుని చేయడం కుదరదన్నది ఇందులోని ఉద్దేశం. ఇంటి బాధ్యతలున్న ఆడవాళ్లకు ఒక తలుపు మూసుకుపోయినందుకు నాకు బాధగానే ఉంది. కానీ ఐసీయూలో ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఫీడ్‌ను పేషెంట్ పక్కన నిలబడకుండా ఎవరూ నేర్చుకోలేరు. అందుకే ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేను.

ఇక మిగిలినవి మూడు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థను మనమంతా ఎన్‌ఐఎన్ అనే అంటాం. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో బెరిబెరి (బి1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) మీద పరిశోధన కోసం మెకారిసన్ అనే బ్రిటిష్ డాక్టర్ మొదలుపెట్టిన చిన్న ల్యాబ్ అది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దేశంలో డైట్ చార్ట్ రాసే ప్రతివాళ్లూ తిరగేసే ఆహార పోషక పట్టికలు అక్కడివే. 2017లో వచ్చిన పట్టికల్లో 528 రకాల ఆహార పదార్థాలున్నాయి. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్‌లోనూ, స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లోనూ ఎమ్మెస్సీలున్నాయి. వాటికి ఎన్‌ఐఎన్-సెట్ అని ప్రత్యేక ప్రవేశ పరీక్ష ఉంటుంది. సీట్లు తక్కువ, దేశమంతటి నుంచీ పోటీ పడతారు.

చెల్లికి ఒక్కటే చెప్పాను. రక్తహీనత మీద ఊళ్లలో సర్వేలు, అంగన్‌వాడీ భోజనం, ప్రభుత్వ పథకాలు, పరిశోధన, పీహెచ్‌డీ, వీటి మీద మనసుంటే ఎన్‌ఐఎన్‌ను మించినది మన దగ్గర లేదు. వార్డులో పేషెంట్లను చూడాలని ఉంటే మాత్రం, అక్కడ సీటు వచ్చినా ఆసుపత్రి అనుభవం విడిగా సంపాదించుకోవాల్సిందే.

యూనివర్సిటీల దారి మనవాళ్లకు తెలిసిందే. ప్రవేశ పరీక్ష తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. డిగ్రీలో న్యూట్రిషన్ ఒక సబ్జెక్టుగా ఉందా లేదా అన్నది ఇక్కడ ముందు చూసుకోవాలి. బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివి ఇటు వద్దామనుకునేవాళ్లు నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ చదవకుండా ఫీజు కట్టొద్దు.

అసలు లెక్క ఇప్పుడు మొదలవుతుంది. ఎమ్మెస్సీ పట్టా చేతికి రాగానే డైటీషియన్ అయిపోతామని చాలామంది అనుకుంటారు. పెద్ద ఆసుపత్రుల్లో అడిగేది ఆర్‌డీ, అంటే రిజిస్టర్డ్ డైటీషియన్. దాని పరీక్ష ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెడుతుంది. అది రాయాలంటే ఎమ్మెస్సీతో పాటు ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. కాబట్టి రెండేళ్ల కోర్సు అని ఇంట్లో చెప్పకండి, ఇంటర్న్‌షిప్, పరీక్ష కలుపుకుని మూడేళ్లు అని చెప్పండి. నేను చదివేటప్పుడు మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక ఇంటర్న్‌షిప్ కోసం వెతకడం మొదలుపెట్టాను. అప్పటికే ఆ బ్యాచ్ నిండిపోయింది. నాలుగు నెలలు ఊరికే ఇంట్లో కూర్చున్నాను. ఆ టెన్షన్ చెల్లి పడకూడదు.

ఆ ఆరు నెలల్లో చాలాచోట్ల స్టైపెండ్ ఉండదు, కొన్నిచోట్ల ఎదురు ఫీజు కట్టాలి. హాస్టల్ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. అయినా నేను చదువుకున్నదంతా అర్థమైంది ఆ ఆరు నెలల్లోనే. పొద్దున రౌండ్స్, ఆ తర్వాత డైట్ కిచెన్, మధ్యాహ్నం పేషెంట్ల ఇంటివాళ్లతో మాటలు. డయాలసిస్ పేషెంట్‌కు కొబ్బరినీళ్లు ఎందుకు వద్దో పుస్తకంలో ఉంటుంది. "నీరసంగా ఉన్నాడమ్మా, కొన్ని తాగిస్తే ఏమవుతుంది" అని అడిగే పెద్దావిడకు పొటాషియం గురించి ఆమె మాటల్లో చెప్పడం మాత్రం వార్డులోనే వస్తుంది. అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం, పేరు చూసే ముందు రెండు ప్రశ్నలు అడగమన్నాను. ఏ ఆసుపత్రికి పంపుతారు? సెలవుల్లో పంపుతారా, లేక కోర్సు అయ్యాక మనమే వెతుక్కోవాలా?

అమెరికా మాట మా బాబాయి ఎత్తాడు. అక్కడ 2024 జనవరి 1 నుంచి ఆర్‌డీ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ తప్పనిసరి. దాంతో పాటు ఏసెండ్ (అక్కడ డైటీషియన్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో కనీసం 1000 గంటల పర్యవేక్షణలో పని చేసి ఉండాలి. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. పేరులో న్యూట్రిషన్ ఉన్న ఎంఎస్‌లన్నీ ఆర్‌డీకి దారి తీయవు. ఏసెండ్ గుర్తింపు లేని ఎంఎస్ పరిశోధనకు బాగానే ఉంటుంది, కానీ డైటీషియన్ పరీక్షకు కూర్చోనివ్వదు. పైగా ఆ వెయ్యి గంటలకు చాలాచోట్ల జీతం ఉండదు, ఫీజు మాత్రం నడుస్తూనే ఉంటుంది. అప్పు చేసి వెళ్లే పిల్లకు ఇది చిన్న విషయం కాదు. అక్కడే స్థిరపడాలన్న గట్టి నిర్ణయం, ఇంట్లో అప్పు మోయగల స్తోమత, రెండూ ఉంటేనే ఆ దారి. మా చెల్లికి రెండూ లేవు, ఆ మాట బాబాయికి సూటిగానే చెప్పాను.

ఆమె మనసు వార్డు వైపే ఉంది. అందుకే నా సలహా: యూనివర్సిటీ ఎమ్మెస్సీ, వెంటనే ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఆర్‌డీ. ఎన్‌ఐఎన్-సెట్ కూడా రాయమన్నాను, సీటు వస్తే మళ్లీ కూర్చుని ఆలోచిద్దాం. నోట్‌బుక్ చివరి పేజీలో తేదీలను వెనక నుంచి రాసుకున్నాం: ఆర్‌డీ పరీక్ష ఎప్పుడు, దానికి ముందు ఆరు నెలలు ఎక్కడ, ఆ సీటు కోసం మూడో సెమిస్టర్‌లో ఏ ఆసుపత్రులకు మెయిల్ పెట్టాలి. ఆ చివరి పని నేనే దగ్గరుండి చేయిస్తానన్నాను.